బేస్‌బాల్‌లో కప్పు కరువు లెక్కలు

2025 దీపావళి మర్నాడు పొద్దుగాల, ఇక్కడ వాకిట్లో పటాకుల కాగితాలు ఇంక ఊడ్వనే లేదు, అక్కడ టొరంటోలో సియాటిల్ మేరినర్స్ కథ ముగిసింది. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడో ఇన్నింగ్స్ దాక 3-1తోని ముందట ఉన్న టీమ్. ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉండంగ టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ బంతిని కంచె అవుతలికి కొట్టిండు, హోమ్ రన్, మూడు పరుగులు. టొరంటోకు 4-3. అది మల్ల మారలే. ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే మేరినర్స్‌కు అది మొదటి వరల్డ్ సిరీస్, అంటే కప్పు కోసం ఆడే ఫైనల్, అయ్యేది. 1977లో పుట్టిన టీమ్ అది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఉన్న మొత్తం 30 టీముల్లో ఇప్పటిదాక వరల్డ్ సిరీస్ గడప తొక్కనిది అదొక్కటే.

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు సియాటిల్లోనో డాలస్‌లోనో కొడుకో బిడ్డో ఉన్న ఇండ్లు తక్కువేం లేవు. పిల్లలు అక్కడ నాలుగేండ్లు ఉంటే ఆ ఊరి టీమ్ వాళ్ల టీమే అయితది. ఓడిన రోజు వాట్సాప్ స్టేటస్ చూసి ఇక్కడ అమ్మానాయిన "ఏమైందిరా" అంటే, "మా టీమ్‌కు శాపం ఉన్నది" అని జవాబొస్తది. అమెరికా పత్రికలకు కూడ శాపాలంటే మస్తు ఇష్టం. మేక శాపం, బేబ్ రూత్ శాపం అని ఏండ్ల సంది రాసుకుంట వచ్చిన్రు.

నన్నడిగితే ఈ కరువుల్లో పెద్ద భాగం ఉత్త లెక్క. మిగిలింది యాజమాన్యం చేతులారా చేసుకున్నది. ఏ టీమ్‌ది ఎంత లెక్క, ఎంత స్వయంకృతం అన్నది ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్‌తోనే విడదీసి చూడొచ్చు.

ముందుగాల ఏండ్లు సరిగ్గ లెక్కపెట్టాలె. ఇక్కడే సగం మంది పొరపాటు పడుతరు. షికాగో కబ్స్ 1908లో గెలిచి మల్ల 2016లో గెలిచింది. 2016లోనుంచి 1908 తీసేస్తే 108. అందరు చెప్పే అంకె అదే. కాని కప్పు లేకుండ పోయిన సీజన్లు 1909 నుంచి 2015 దాక, అంటే 107. అందులో 1994లో ఆటగాళ్ల సమ్మె వల్ల వరల్డ్ సిరీసే జరగలే. కాబట్టి కబ్స్ నిజంగ పోగొట్టుకున్న కప్పులు 106. లెక్క చేసేటప్పుడు వాడాల్సింది ఈ 106నే. 1904లో కూడ సిరీస్ లేదు, న్యూయార్క్ జెయింట్స్ ఆడమని భీష్మించుకు కూర్చున్నరు. తర్వాత వచ్చే ఫిలడెల్ఫియా లెక్కకు అది పనికొస్తది.

ఊరు మారిన టీములది ఇంకో తిరకాసు. అమెరికాలో టీమ్ అంటే కంపెనీ. ఓనర్‌కు గిట్టుబాటు కాకపోతే మూటాముల్లె సర్దుకొని వేరే ఊరికి పోతది. టెక్సస్ రేంజర్స్ 1961లో వాషింగ్టన్‌లో పుట్టింది, 1972లో డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌కు వచ్చింది, 2023లో మొదటి కప్పు కొట్టింది. రికార్డు పుస్తకాల్లో కరువు 1961 నుంచే లెక్క. ఊరి లెక్క తీస్తే కథ మారుతది. వాషింగ్టన్ ఊరికి 1924లో కప్పొచ్చింది, మల్ల 2019లో వచ్చింది, మధ్యల మూడు వేరు వేరు టీములు. మిల్వాకీ ఇంకా చిత్రం. ఆ ఊరు 1957లో బ్రేవ్స్ టీమ్‌తోని గెలిచింది, ఆ టీమ్ అట్లాంటాకు పోయింది. ఇప్పుడున్న బ్రూవర్స్ 1969లో సియాటిల్‌లో పైలట్స్ పేరుతోని పుట్టి, ఒక్క సీజన్‌కే దివాలా తీసి మిల్వాకీకి వచ్చింది. ఆ టీమ్‌కు ఇప్పటికీ కప్పు లేదు. అది పోయినంక సియాటిల్‌కు వచ్చిన మేరినర్స్‌కూ లేదు. పిల్లలతోని వాదన పెట్టుకునేటప్పుడు "టీమ్ కరువా, ఊరి కరువా" అని ముందే తేల్చుకోవాలె. లేకుంటే ఇద్దరు రెండు అంకెలు పట్టుకొని గంట కొట్లాడుతరు.

ఇగ అసలు లెక్క. మన దగ్గర డ్రా చిట్టీ ఎట్ల నడుస్తదో తెలిసిందే. పేర్లు డబ్బాలో వేసి ఒక చీటి తీస్తరు. ఒకసారి పేరొచ్చినోడు మల్ల డ్రాలోకి రాడు, అందుకే 30 మంది ఉంటే 30 నెలల్లో అందరికీ వస్తది. బేస్‌బాల్ డబ్బాలో మాత్రం పేరొచ్చినోని చీటి తిరిగి డబ్బాలోకే పోతది. వచ్చేయేడు మల్ల వానికే రావొచ్చు. చాలామంది మనసులో 30 టీములంటే 30 ఏండ్లకు ఒకసారి అందరికీ రావాలె అని ఉంటది. తప్పు అక్కడున్నది.

అందరికీ సమాన అవకాశం అనుకుంటే, ఒక టీమ్‌కు ఒక ఏడు కప్పు రాకపోయే అవకాశం 30లో 29, అంటే 0.9667. ఎన్నేండ్లయితే అన్నిసార్లు దాన్ని దాంతోనే గుణించాలె. ఫోన్ అడ్డంగ తిప్పితే చాన కాలిక్యులేటర్లలో ఘాతం బటన్ వస్తది, అది నొక్కితే సరి. పదేండ్లు వరుసగ రాకపోయే అవకాశం 71 శాతం. 30 ఏండ్లు రాకపోయేది 36 శాతం. 50 ఏండ్లకు 18, నూరేండ్లకు కూడ 3 శాతం పైనే.

ఈ 36 శాతాన్ని 30 టీములతోని గుణించండి, దాదాపు 11 వస్తది. అంటే ఏ శాపం లేకుండ, ఏ మోసం లేకుండ, ఏ యాజమాన్యం తప్పు చేయకుండ, ఉత్త డబ్బాలోంచి చీటీలు తీసినా 30 ఏండ్లలో 11 టీములకు ఒక్క కప్పు కూడ రాదు. ఇగ నిజం చూద్దాం. 1996 నుంచి 2025 దాక 30 వరల్డ్ సిరీస్‌లు జరిగినయి. గెలిచిన టీములు 16. రానివి 14. (1998లో రెండు టీములు కొత్తగ కలిసినయి, దాంతోని లెక్క పెద్దగ మారదు.) డబ్బాలెక్క 11 అంటున్నది, నిజం 14 అంటున్నది. ఆటగాళ్ల జీతాల మీద గట్టి పరిమితి లేని ఆటలో, యాంకీస్ ఐదు, బోస్టన్ నాలుగు, జెయింట్స్ మూడు, డాడ్జర్స్ మూడు పట్టుకపోయినంక కూడ తేడా మూడు టీములే. డబ్బున్నోళ్లే అంతా దోచుకుంటున్నరు అనే మాటకు ఈ అంకె అంతగ ఒప్పుకోదు.

మన ఐపీఎల్ మీద ఇదే పట్టి చూడండి. బెంగళూరుకు 2008 నుంచి 2024 దాక 17 సీజన్లు కప్పు రాలే. టీములు ఎనిమిది, తొమ్మిది, పది మధ్య మారినయి కాబట్టి ఏ ఏడుకు ఆ ఏడు గుణిస్తే 12 శాతం వస్తది. ఎనిమిదిలో ఒకటి. ఎనిమిది టీములతోని మొదలైన లీగ్‌లో ఎవరో ఒకరికి ఆ గతి పట్టాల్సిందే, బెంగళూరుకు పట్టింది. అందులో రెండు ఫైనళ్లు మన హైదరాబాద్ చేతుల్లో ఓడింది: 2009లో డెక్కన్ చార్జర్స్, 2016లో సన్‌రైజర్స్. 2025లో తీరింది.

పాత టీములకు ఒక్క 29/30తోని పని కాదు, అప్పట్లో టీములు తక్కువ. 1960 దాక 16 టీములు. 1961లో 18, 1962 నుంచి 20, 1969 నుంచి 24, 1977 నుంచి 26, 1993 నుంచి 28, 1998 నుంచి 30. ఒక్కో ముక్కకు విడిగ ఘాతం తీసి అన్నిటినీ గుణించుకోవాలె. 1994ను వదిలేయడం మర్చిపోవద్దు. ఇట్ల చేస్తే 1948 తర్వాత గెలవని క్లీవ్‌లాండ్‌కు వచ్చేది 3.9 శాతం, అంటే 26లో ఒకటి. ఇప్పుడున్న అన్నిటికంటే పొడుగు కరువు అదే, కాని అంత పెద్ద వింతేం కాదు. 1918 నుంచి 2004 దాక ఆగిన బోస్టన్ రెడ్ సాక్స్, 1917 నుంచి 2005 దాక ఆగిన షికాగో వైట్ సాక్స్, 1883లో పుట్టి 1980లో మొదటి కప్పు చూసిన ఫిలడెల్ఫియా ఫిలీస్ – ఈ మూడూ నూటికి ఒకటి దగ్గర దగ్గర. కబ్స్‌ది 0.4 శాతం. దాదాపు 240లో ఒకటి.

16 పాత టీముల్లో మూడింటికి నూటికొకటి, ఒకదానికి 240కొకటి పడ్డదంటే డబ్బాలో ఏదో తేడా ఉన్నట్టే. ఆ తేడా పేరు న్యూయార్క్ యాంకీస్. 1962 దాక జరిగిన 59 వరల్డ్ సిరీస్‌లలో 20 ఒక్క యాంకీసే గెలిచింది. మిగిలిన 15 టీములు 39 పంచుకున్నయి. పైగ 1969కి ముందు ప్లేఆఫ్‌లు లేవు. టీములన్నీ రెండు లీగ్‌లుగ ఉంటయి. ఒక్కో లీగ్‌లో సీజన్ మొత్తం మీద మొదటి స్థానంలో ఉన్న ఒక్క టీమే వరల్డ్ సిరీస్‌కు పోతది, రెండో స్థానం వస్తే ఇంటికే. యాంకీస్ ఉన్న లీగ్‌లోనే ఉండటం క్లీవ్‌లాండ్ ఖర్మ. 1949 నుంచి 1964 దాక 16 ఏండ్లలో 14 సార్లు ఆ లీగ్ యాంకీస్‌దే. మిగిలిన రెండింటిలో ఒకటి 1954, క్లీవ్‌లాండ్ 111 మ్యాచులు గెలిచిన ఏడు. తీర వరల్డ్ సిరీస్‌లో జెయింట్స్ చేతుల్లో 4-0తోని ఖతం. రెండోది 1959, వైట్ సాక్స్‌ది, అది కూడ డాడ్జర్స్ చేతుల్లో ఓడింది.

కబ్స్‌కు ఈ సాకు చెల్లదు. వాళ్లది యాంకీస్ లేని లీగ్. 1910 నుంచి 1945 మధ్య ఏడుసార్లు వరల్డ్ సిరీస్‌కు పోయి ఏడూ ఓడిన్రు. దాన్ని దురదృష్టం అనొచ్చు. 1945 సిరీస్‌లో ఒక బారు యజమాని తన మేకను టికెట్ కొని తెస్తే బయటికి పంపిన్రట, ఆయన శపించిండట. కాని ఆ తర్వాత జరిగింది చూస్తే మేక మీద నింద వేయబుద్ధి కాదు. 1947 నుంచి 1966 దాక ఇరవై సీజన్లు వరుసగ పట్టికలో కింది సగంలోనే ఉన్నరు. ఓనర్ పి.కె. రిగ్లీ చూయింగ్ గమ్ కంపెనీ వారసుడు. 1961లో ఆయన మేనేజర్‌ను (మన హెడ్ కోచ్ లాంటోడు) తీసేసి ఎనిమిది మంది కోచ్‌లను పెట్టి, వంతులవారీగ టీమ్ నడపమన్నడు. వచ్చినోడల్లా బ్యాటింగ్ వరుస మార్చుడు, ఒకడు ఇట్ల నిలబడు అంటే ఇంకొకడు అట్ల నిలబడు అనుడు. 1962లో 59 గెలుపులు, 103 ఓటములు. 1964లో లూ బ్రాక్ అనే కుర్రాడిని సెయింట్ లూయిస్‌కు ఇచ్చేసి ఎర్నీ బ్రోలియో అనే పిచర్‌ను (బంతి వేసేటోన్ని) తెచ్చుకున్నరు. బ్రోలియో చెయ్యి అప్పటికే పాడైంది, షికాగోలో గెలిచింది ఏడు మ్యాచులే. బ్రాక్ అదే ఏడు సెయింట్ లూయిస్‌తోని కప్పెత్తిండు, 1967లో మల్లెత్తిండు, 938 బేస్‌లు దొంగిలించి (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు ఉరుకుడు) రిటైరయిండు. ఇంకో సంగతి: మిగిలిన టీములన్నీ 1948కే ఫ్లడ్‌లైట్లు పెట్టుకున్నయి, కబ్స్ గ్రౌండ్‌లో లైట్లు వెలిగింది 1988 ఆగస్టులో. నలభై ఏండ్లు ఇంటి మ్యాచులన్నీ ఎండలోనే.

2003లో కబ్స్ వరల్డ్ సిరీస్‌కు ఐదు అవుట్ల దూరంలో ఉండంగ, ఫీల్డర్ పట్టబోయిన ఫౌల్ బంతికి (గీత అవుతలికి పోయేది) ఒక ప్రేక్షకుడు చెయ్యి పెట్టిండని ఊరంతా ఆయన మీద పడ్డరు. ఆ తర్వాత అదే ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల నడుమ ఫీల్డర్) అలెక్స్ గొంజాలెజ్ చేతుల్లోకొచ్చిన నేల బంతిని వదిలేసిండు, అది పడితే ఇన్నింగ్స్ దాదాపు అయిపోయేది. మొత్తం ఎనిమిది పరుగులు పోయినయి. ప్రేక్షకుని మొహం టీవీలో నూరుసార్లు చూపించిన్రు, షార్ట్‌స్టాప్‌ది ఎంతమందికి యాదున్నదో.

బోస్టన్‌ది కూడ ఇదే తీరు. మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను 1919 డిసెంబర్ చివర లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మినందుకు శాపం తగిలింది అంటరు. రూత్ ఒక్కడే పోతే అంత నష్టం ఉండకపోవు. ఓనర్ హ్యారీ ఫ్రేజీ అప్పుల్లో ఉండి, ఆ తర్వాత మూడేండ్లలో వెయిట్ హాయిట్, జో బుష్, సామ్ జోన్స్, హర్బ్ పెనాక్ అనే పిచర్లను కూడ ఆ టీమ్‌కే పంపిండు. 1923లో యాంకీస్ మొదటి కప్పు గెలిచినప్పుడు బౌలింగ్ దళం సగానికి పైగ బోస్టన్ సరుకే. రెడ్ సాక్స్ 1922 నుంచి 1930 దాక తొమ్మిదేండ్లలో ఎనిమిదిసార్లు ఆఖరి స్థానం.

ఇంతకంటే పెద్ద తప్పు 1945 ఏప్రిల్‌ది. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్‌ను తమ గ్రౌండ్‌కు పిలిపించి ఆడించి చూసి, తీసుకోకుండ పంపిన్రు. నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసిన కాలం అది. 1947లో రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు ఆడి ఆ గోడ పగలగొట్టిండు. రెడ్ సాక్స్‌కు మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ వచ్చింది 1959లో. 16 టీముల్లో అందరికంటే వెనుక. విల్లీ మేస్, హాంక్ ఆరన్ లాంటోళ్లు వేరే టీములకు పరుగులు తీస్తుంటే పన్నెండేండ్లు చేతులు ముడుచుకొని కూర్చున్న యాజమాన్యానికి శాపం అనే మాట మంచి ముసుగు.

1969 తర్వాత తీరు మారింది. ఇప్పుడు 12 టీములు ప్లేఆఫ్‌కు పోతయి. ప్రతి లీగ్‌లో మొదటి రెండు టీములకు మొదటి రౌండ్ ఉండదు. మిగిలినోళ్లు మూడు మ్యాచుల సిరీస్ ఆడాలె. అది దాటితే ఐదింటిది, తర్వాత ఏడింటిది, ఆఖరున వరల్డ్ సిరీస్ కూడ ఏడింటిదే. ఇక్కడ ఆట స్వభావం తెలిసి ఉండాలె. 162 మ్యాచుల సీజన్‌లో మహా గొప్ప టీమ్ కూడ పదికి నాలుగు ఓడుతది. 2025లో అందరికంటే మంచి రికార్డు మిల్వాకీది: 97 గెలుపులు, 65 ఓటములు.

ప్లేఆఫ్‌లో ఎదురయ్యేవి గట్టి టీములు కాబట్టి, మన టీమ్‌కు మ్యాచ్‌కు 55 శాతం అవకాశం అనుకుందాం. అది చాన ఎక్కువే. మూడింట రెండు గెలిచే అవకాశం 57, ఐదింట మూడు గెలిచేది 59, ఏడింట నాలుగు గెలిచేది 61 శాతం. మొదటి రౌండ్ తప్పిన టీమ్‌కు 59, 61, 61 గుణిస్తే 22 శాతం. మొదటి రౌండ్ ఆడాల్సి వస్తే 13 శాతానికి లోపలే. అందరికంటే బలమైన టీమ్ కూడ ఐదేండ్లలో నాలుగేండ్లు ఒట్టి చేతులతోని ఇంటికి పోతది. మేరినర్స్ 2001లో 116 మ్యాచులు గెలిచి యాంకీస్ చేతుల్లో 4-1తోని పోయింది. మిల్వాకీ 2025లో 97 గెలిచి డాడ్జర్స్ చేతుల్లో 4-0తోని పోయింది. బాధ నిజమే, కాని లెక్క ప్రకారం ఇది మామూలు సంగతి. 2001 తర్వాత ఇరవై సీజన్లు అసలు ప్లేఆఫ్‌కే రాకపోవుడు మాత్రం మేరినర్స్ స్వయంకృతం. ఆ ఇరవై ఏండ్లకు శాపం వర్తించదు, డబ్బాలో చీటీ వేయనోనికి డ్రా ఎట్ల తగులుతది.

ఎంత దగ్గరికొచ్చి పోవచ్చో తెలియాలంటే డాలస్ పిల్లలను 2011 అక్టోబర్ 27 గురించి అడగండి. వరల్డ్ సిరీస్‌లో రేంజర్స్ 3-2తోని ముందున్నరు, ఆరో మ్యాచ్ అవుతలి టీమ్ కార్డినల్స్ ఊరు సెయింట్ లూయిస్‌లో. తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. రేంజర్స్ 7, కార్డినల్స్ 5. మూడిట్ల రెండు అవుట్లయినయి, ఇద్దరు బేస్‌ల మీద, బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్‌కు రెండు స్ట్రైకులు (మూడు పడితే అవుట్). ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు. పిచర్ నెఫ్తాలీ ఫెలిజ్ వేసిండు, ఫ్రీస్ కుడి దిక్కు లోతుకు కొట్టిండు, ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ వెనక్కి ఉరికినా బంతి తల మీదికెళ్లి పోయింది. ఇద్దరూ వచ్చేసిన్రు, 7-7. పదో ఇన్నింగ్స్‌లో జాష్ హామిల్టన్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టిండు, 9-7. మల్ల కార్డినల్స్ బ్యాటింగ్ చేసే కింది భాగంలో ఒక పరుగు పోయింది, రెండు అవుట్లు, లాన్స్ బెర్క్‌మన్‌కు రెండు స్ట్రైకులు. మల్ల ఒక్క స్ట్రైక్ దూరం. బెర్క్‌మన్ నడుమకు కొట్టిండు, 9-9. పదకొండో ఇన్నింగ్స్‌లో ఫ్రీస్ హోమ్ రన్, 10-9. మర్నాడు ఏడో మ్యాచ్ 6-2.

అక్కడ తప్పు వెతికితే క్రూజ్ నిలబడ్డ చోటు దొరుకుతది. రెండు పరుగుల ఆధిక్యం, ఆఖరి అవుట్, అట్లాంటప్పుడు ఫీల్డర్ కంచెకు దగ్గరగ వెనక్కి ఉండాలె. ముందర పడే సింగిల్ పోతే పోనీ, తల మీదికెళ్లి పోయేది పోవద్దు. క్రూజ్ జర ముందర ఉన్నడు. క్రికెట్‌లో ఆఖరి ఓవర్‌కు బౌండరీ ఫీల్డర్‌ను గీత మీద నిలబెట్టేది ఇందుకే.

కరువు తీరాలంటే ఏం చేయాలె అన్నదానికి రెండు దారులు కనబడుతయి. కబ్స్‌ది ఒకటి. 2004లో బోస్టన్ కరువు తీర్చిన థియో ఎప్‌స్టీన్‌ను 2011లో తెచ్చుకున్నరు. ఆయన మొదటి సీజన్ 2012లో 101 ఓటములు. పాత ఆటగాళ్లను అమ్మి కుర్రోళ్లను తెచ్చిండు: 2012లో ఆంథొనీ రిజ్జో, 2013 మధ్యల జేక్ అరియేటా, అదే ఏడు డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రోళ్లను టీములు వంతులవారీగ ఎంచుకునే పద్ధతి, అప్పట్లో ఎక్కువ ఓడినోళ్లకు ముందు వంతు) రెండో పేరుగ క్రిస్ బ్రయంట్. వీళ్లు తయారయినంక 2014 చివర 15.5 కోట్ల డాలర్లకు పిచర్ జాన్ లెస్టర్. 2016లో కప్పు. అది కూడ 3-1తోని వెనుకబడి, ఏడో మ్యాచ్‌లో 6-3 ఆధిక్యం పోగొట్టుకొని, వాన వల్ల 17 నిమిషాలు ఆగి, పదో ఇన్నింగ్స్‌లో 8-7. మన గడియారంలో నవంబర్ 3 పొద్దున 10 దాటింది. ఓడిన టీమ్ క్లీవ్‌లాండ్. అట్ల ఒక కరువు తీరి, రెండో కరువు మొదటి స్థానానికొచ్చింది. హ్యూస్టన్ కూడ ఇదే దారిలో మూడేండ్లు నూరుకు పైగ ఓడి 2017లో గెలిచింది, ఆ కప్పుకు అవుతలి పిచర్‌కు అందే సైగలు దొంగతనంగ చూసిన మచ్చ ఉన్నదనుకోండి. అందరూ ఇట్ల కావాలని ఓడుడు మొదలుపెట్టేసరికి, 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు పేర్లకు లాటరీ పెట్టిన్రు.

రేంజర్స్‌ది రెండో దారి, పైసలు పెట్టుడు. 2021లో 102 ఓడి, అదే చలికాలంలో కోరీ సీగర్‌కు 32.5 కోట్లు, మార్కస్ సీమియన్‌కు 17.5 కోట్ల డాలర్లు ఇచ్చిన్రు. మేనేజర్‌గ బ్రూస్ బోచీని తెచ్చిన్రు. 2010లో జెయింట్స్ 56 ఏండ్ల కరువు తీర్చింది ఆయనే. 2023 ప్లేఆఫ్‌లలో రేంజర్స్ బయటి గ్రౌండ్లలో 11 ఆడి 11 గెలిచింది. నాకు రెండో దారే నయమనిపిస్తది. టికెట్ కొని వచ్చిన జనానికి నాలుగేండ్లు ఓటములు అమ్ముడు న్యాయం కాదు.

ఒక్క అమెరికాదే కాదు ఈ కథ. జపాన్‌లో హాన్షిన్ టైగర్స్ 1985లో గెలిచినప్పుడు అభిమానులు ఒసాకా కాలువలోకి కెఎఫ్‌సి తాత బొమ్మను విసిరిన్రు, తమ ఆటగాడు రాండీ బాస్ పోలిక ఉన్నదని. తర్వాత 38 ఏండ్లు కప్పు లేదు. 2009లో బొమ్మ బురదలోంచి దొరికింది, అయినా 2023 దాక ఆగాల్సి వచ్చింది. ఆ లీగ్‌లో 12 టీములే. 11/12ను 37సార్లు గుణిస్తే 4 శాతం. క్లీవ్‌లాండ్‌ది, దీనిది ఒకే కొలత. కొరియాలో బూసాన్ టీమ్ లొట్టే జెయింట్స్ 1992 నుంచి ఎదురుచూస్తున్నది.

2025 సీజన్ ముగిసేనాటికి జాబితా ఇట్లున్నది. అసలే కప్పు లేనివి ఐదు: 1969లో పుట్టిన శాన్ డియేగో పాద్రెస్, అదే ఏటి మిల్వాకీ, 1977 మేరినర్స్, 1993 కొలరాడో రాకీస్, 1998 టాంపా బే రేస్. ఒకప్పుడు గెలిచి ఆగినవి: క్లీవ్‌లాండ్ 1948, పిట్స్‌బర్గ్ 1979, బాల్టిమోర్ 1983, డెట్రాయిట్ 1984, మెట్స్ 1986, అథ్లెటిక్స్ 1989, సిన్సినాటి 1990, మిన్నెసోటా 1991, టొరంటో 1993. టొరంటో మేరినర్స్‌ను దాటి పోయి, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో 11 ఇన్నింగ్స్ ఆడి డాడ్జర్స్ చేతుల్లో ఓడింది. పిట్స్‌బర్గ్‌ది చూసి మాత్రం జాలి పడకండి, ఓనర్లను తిట్టండి: 1993 నుంచి 2012 దాక ఇరవై సీజన్లు వరుసగ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ.

చూడాలనుకునేటోళ్లకు: వరల్డ్ సిరీస్ మ్యాచులు మామూలుగ అక్కడి తూర్పు తీరం టైం రాత్రి 8కి మొదలైతయి, అంటే మనకు మర్నాడు పొద్దుగాల 5:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటరు, సిరీస్ అప్పటిదాక సాగితే మనకు 6:30. మ్యాచ్ మూడు గంటలు అనుకొని కూర్చోవద్దు, టై అయితే ఎవరో ఒకరు గెలిచేదాక ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ ఆడుతనే ఉంటరు. 2025 మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ పోయింది.